లెమ్మన్ కూడలి కింద 1,157 మంది

డల్లాస్ నడిబొడ్డు నుంచి ఉత్తరాన ప్లేనో, ఆలెన్, మెకినీ వైపు ఇళ్ళకు చేరే తెలుగువాళ్ళకు 75వ నంబరు హైవేని పరిచయం చేయనక్కర్లేదు. దాని అసలు పేరు నార్త్ సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే. ఊళ్ళో వాళ్ళు ముద్దుగా సెంట్రల్ అంటారు. డౌన్‌టౌన్ దాటాక కొంతదూరంలో లెమ్మన్ అవెన్యూ వచ్చి దాన్ని కలుస్తుంది. అటు 42 అంతస్తుల సిటీప్లేస్ భవనం, ఇటు అప్‌టౌన్ అపార్టుమెంట్లు, కింద భూగర్భంలో మెట్రో స్టేషన్. సాయంత్రం 5 దాటితే ఆ కూడలిలో సిగ్నల్ రెండుసార్లు పడితే గానీ బయటపడలేం.

ఆ మూలన, హైవేకి పడమటి పక్క, గ్రానైట్ రాతి తోరణం ఒకటి ఉంటుంది. తోరణానికి రెండువైపులా కంచు విగ్రహాలు. కావలి కాసే ఆఫ్రికా యోధుడు ఒకపక్క, తన జాతి కథను నోటితో మోసుకొచ్చే గాయకురాలు ఒకపక్క. లోపలికి అడుగుపెడితే గోడలో ఇరుక్కున్నట్టు పెనుగులాడుతున్న మగమనిషి, ఎదురుగా చెర అనుభవించిన ఆడమనిషి. వాళ్ళ మధ్యనుంచి నడిచి వెళ్తే, నడిమి ఆవరణలో, విడుదలైన భార్యాభర్తలు ఒకరినొకరు పట్టుకుని నిలబడి ఉంటారు. శిల్పి పేరు డేవిడ్ న్యూటన్. స్మారకాన్ని ప్రజలకు అప్పగించింది 1999లో. పేరు ఫ్రీడ్‌మన్స్ సెమెటరీ, అంటే విముక్తుల శ్మశానం.

డల్లాస్‌లో చూడదగ్గ చోట్లు చెప్పమంటే మనవాళ్ళు కెనడీని కాల్చిన వీధిని చెబుతారు, అర్వింగ్‌లోని గాంధీ విగ్రహాన్ని చెబుతారు. ఈ తోరణం పేరెత్తేవాళ్ళు అరుదు. అమెరికాలో ఎక్కడైనా ఒక కూడలిని బాగుచేయబోతే, ఒక టర్న్ లేన్ కలపబోతే, ముందుగా అక్కడ చరిత్రకు సంబంధించినది ఏమైనా ఉందా అని వెతికే పని ఒకటి ఉంటుంది. ఆ పని ఎందుకు చేయాలో, ఎంత జాగ్రత్తగా చేయాలో ఈ మూల చెప్పినంత గట్టిగా ఇంకే చోటూ చెప్పదని నా నమ్మకం. ఎందుకంటే ఇక్కడ ఒకే శ్మశానం మీదికి ఒకే రోడ్డు రెండుసార్లు వచ్చింది. మొదటిసారి ఎవరూ ఏమీ అడగలేదు. రెండోసారి అడిగారు.

టెక్సాస్‌లో బానిసలకు విడుదల కబురు అందింది 1865 జూన్ 19న. గాల్వెస్టన్ రేవులో జనరల్ గోర్డన్ గ్రాంజర్ ఆ ఉత్తర్వు చదివించాడు. ఇప్పుడు జూన్‌టీన్త్ పేరుతో దేశమంతా సెలవు ఇస్తున్నది ఆ రోజుకే. విడుదలైతే అయ్యారు గానీ ఊళ్ళో చోటు దొరకలేదు. డల్లాస్ పొలిమేర బయట, ఈశాన్యంగా, తమకంటూ ఒక పేట కట్టుకున్నారు. దాన్ని ఫ్రీడ్‌మన్స్ టౌన్ అన్నారు. బతకడానికి పేట ఎంత అవసరమో, చచ్చాక పడుకోవడానికి ఇంత నేల అంతే అవసరం. 1869లో ఒక ఎకరం కొన్నారు. పదేళ్ళ తర్వాత మరో మూడెకరాలు కలిపారు. కూలిపని చేసుకునే చేతులు, నాలుగేళ్ళ కిందటిదాకా తమ ఒంటి మీద తమకే హక్కులేని మనుషులు, పైసా పైసా కూడబెట్టి కొన్న భూమి అది. ఆ జాతికి ఆ ఊళ్ళో దక్కిన తొలి సొంత స్థలాల్లో ఒకటి.

1872లో హ్యూస్టన్ అండ్ టెక్సాస్ సెంట్రల్ రైలు డల్లాస్ చేరింది. పట్టాలు శ్మశానాన్ని ఒరుసుకుంటూ పోయాయి. ఆ పట్టాల వెంటే దక్షిణాన డీప్ ఎల్లమ్ అనే పేట పెరిగింది. బ్లైండ్ లెమన్ జెఫర్సన్ గిటార్ పట్టుకుని బ్లూస్ పాడింది అక్కడే. శ్మశానం మాత్రం త్వరగా నిండిపోయింది. 1907లో మూసేశారు.

1940లు వచ్చేసరికి నగరానికి వేగం కావలసి వచ్చింది. రైలు పట్టాలు తీసేసి, ఆ దారినే ఎక్స్‌ప్రెస్‌వే వేయాలని తీర్మానించారు. తొలి భాగం 1949లో తెరిచారు. పట్టాల పక్కన ఉన్న శ్మశానంలో దాదాపు ఎకరం రోడ్డు కిందికి పోయింది. సమాధి రాళ్ళు తీసి పారేశారు. కింద ఉన్నవాళ్ళను తీసి మరోచోట పెట్టాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. రాళ్ళు పోయాయి గనుక ఇక శ్మశానం లేనట్టే లెక్క. మిగిలిన ముక్కని 1965లో పార్కుగా మార్చారు. పిల్లలు ఆడుకున్నారు, పెద్దలు నడిచారు, పక్కనుంచి రోజూ కార్లు వెళ్ళాయి.

పక్కనే గ్రీన్‌వుడ్ శ్మశానం ఉంది. ఆ చుట్టుపక్కలే కాథలిక్కుల కాల్వరీ శ్మశానం, యూదుల ఇమానుయేల్ శ్మశానం ఉన్నాయి. వాటికి కంచెలున్నాయి, రాళ్ళ మీద పేర్లున్నాయి, నీడనిచ్చే చెట్లున్నాయి. ఇప్పటికీ వెళ్ళి చదువుకోవచ్చు. నాలుగు శ్మశానాలు పక్కపక్కన ఉంటే రోడ్డు గీత ఎటు వంగిందో ఆ ప్రాంతపు మ్యాపు చూసిన ఎవరికైనా అర్థమవుతుంది. అది చూసినప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఇంజినీరు చేతి గీత ఎప్పుడూ ఒంటరిది కాదు. ఆ ఊరు ఎవరిని మనుషులుగా లెక్కపెట్టిందో ఆ గీతలో ఉంటుంది.

ఈలోగా దేశంలో ఒక చట్టం వచ్చింది. న్యూయార్క్‌లో పెన్ స్టేషన్ అనే మహాభవనాన్ని 1963లో కూల్చడం మొదలుపెట్టినప్పుడు జనం గుండెలు బాదుకున్నారు. ఊళ్ళను చీల్చుకుంటూ హైవేలు వెళ్తున్న కాలం అది. 1966 అక్టోబరు 15న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ జాతీయ చారిత్రక పరిరక్షణ చట్టం మీద సంతకం పెట్టారు. ఆయనా టెక్సాస్ మనిషే. అదే రోజు రవాణా శాఖను ఏర్పాటు చేసే చట్టం మీద కూడా సంతకం చేశారు. మొదటి చట్టంలో 106వ సెక్షన్, రెండోదానిలో 4(ఎఫ్) సెక్షన్. అమెరికా రోడ్డు ఆఫీసుల్లో ఈ రెండు అంకెలు తెలియనివాళ్ళు ఉండరు.

106 చెప్పేది చాలా చిన్న మాట. కేంద్రం డబ్బుతో గానీ, కేంద్రం అనుమతితో గానీ ఏ పని జరిగినా, దానివల్ల చారిత్రక స్థలాలకు ఏమవుతుందో ముందే ఆలోచించాలి. ఇందులో ఒక గొప్ప మెలిక ఉంది. ఇప్పటికే జాతీయ రిజిస్టరులో పేరెక్కిన కట్టడాలే కాదు, ఎక్కడానికి అర్హత ఉన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. అర్హత ఉందో లేదో వెతికితేనే కదా తెలిసేది! అందుకే వెతకడం తప్పనిసరి అయింది. మన దేశంలో 1958 నాటి స్మారకాల చట్టం జాబితాలో ఉన్నవాటిని కాపాడుతుంది. 2010 సవరణతో ఆ కట్టడాల చుట్టూ 100 మీటర్ల నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్ల నియంత్రిత ప్రాంతం వచ్చాయి. గట్టి కాపలాయే. కానీ జాబితాకెక్కని పాత బావికి, సత్రానికి ఆ కాపలా అందదు. అమెరికా చట్టం బలం కాపలాలో కన్నా వెతుకులాటలో ఉంది. నిజానికి 106 ఏ పనినీ ఆపదు. చూసి, అడిగి, ఆలోచించి చెయ్యమంటుంది, అంతే. ఆపే శక్తి ఉన్నది 4(ఎఫ్)కి. చారిత్రక స్థలాన్నో పార్కునో రోడ్డు కోసం తీసుకోవాలంటే, ఆచరణకు పనికొచ్చే మరో దారి లేదని రుజువు చెయ్యమంటుంది.

ఆచరణలో ఇది ఎలా సాగుతుంది? ఒక కూడలిలో ఎడమవైపు తిరిగే లేన్ కలపాలనుకుందాం. మూలల దగ్గర కొద్దిగా స్థలం తీసుకోవాలి, సిగ్నల్ స్తంభాలు జరపాలి, నీటి గొట్టాలు కిందికి దించాలి. ముందు ఈ పని ప్రభావం ఎంతవరకు ఉంటుందో గీత గీస్తారు. ఆ గీత లోపల ఉన్న ప్రతి కట్టడం వయసు పన్ను రికార్డుల్లో చూస్తారు. సాధారణంగా 50 ఏళ్ళు దాటినవి పరిశీలనకు వస్తాయి. టెక్సాస్‌లో కొంత ముందుచూపుతో 45 ఏళ్ళనుంచే లెక్కపెడతారు. తర్వాత ఆఫీసులో కూర్చుని పాత దస్తావేజులు, ఆకాశం నుంచి తీసిన పాత ఫొటోలు, అగ్నిప్రమాద బీమా కోసం శాన్‌బోర్న్ కంపెనీ వేసిన మ్యాపులు తిరగేస్తారు. ఏ వీధిలో ఏ ఇల్లు చెక్కదో, ఏది ఇటుకదో, ఏ మూల కొట్టు ఉండేదో ఆ మ్యాపుల్లో రంగులతో సహా ఉంటుంది. అటు తర్వాత కాలినడక. ప్రతి పాత ఇంటికీ ఫొటో, ప్రతి ఫొటోకీ ఒక కాగితం. నేల కింద ఏమైనా ఉండవచ్చనిపిస్తే కొలిచిన దూరాల్లో పారతో గుంటలు తీసి, మట్టిని జల్లెడ పట్టి, గాజుముక్క దొరికినా పెంకు దొరికినా రాసుకుంటారు.

కూడలి దగ్గర ఇదంతా మరీ ముఖ్యం. మనుషులు ఎక్కడైనా నాలుగు దార్లు కలిసేచోటే కొట్టు పెడతారు, గుడి కడతారు, బండి ఆపుకుంటారు. టెక్సాస్ పల్లెల్లో పాత చర్చి, పాత పెట్రోలు బంకు, పాత బడి కనబడేది రోడ్ల మూలల్లోనే. వెడల్పు చేసేటప్పుడు ముందు పోయేది కూడా ఆ మూలలే.

దొరికినదాన్ని తూచడానికి కొలతలు ఉన్నాయి. పెద్ద సంఘటనతో గాని, పేరున్న మనిషితో గాని ముడిపడిందా? కట్టిన తీరులో విశేషం ఉందా? తవ్వితే చరిత్రకు కొత్త సమాచారం ఇస్తుందా? ఆ పైన, అది తన పాత రూపాన్ని నిలబెట్టుకుందా? శ్మశానాల దగ్గర మాత్రం రిజిస్టరు నిబంధన కాస్త బిగువుగా ఉంటుంది. మామూలు శ్మశానాన్ని అర్హమైనదిగా పరిగణించరు. ప్రత్యేక కారణం చూపించాలి. రాళ్ళు లేని, రికార్డులు చెదిరిన, పేదల శ్మశానానికి ఆ కారణం చూపించేదెవరు?

1990 నాటికి సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే ఇరుకైపోయింది. లేన్లు పెంచి తిరగకట్టాలని తలపెట్టారు. లెమ్మన్ దగ్గర మళ్ళీ అదే నేల. అప్పుడు గొంతు విప్పింది అక్కడి నల్లజాతి కుటుంబాలు. తాతలు, ముత్తాతలు ఆ రోడ్డు కింద ఉన్నారని వాళ్ళు మరచిపోలేదు. రాయి లేకపోయినా, పటం మీద గుర్తు లేకపోయినా, ఇళ్ళల్లో చెప్పుకుంటూనే వచ్చారు. మేమీ మెక్‌నైట్ అనే విద్యావేత్త స్థాపించిన బ్లాక్ డల్లాస్ రిమెంబర్డ్ అనే సంస్థ ఆ జ్ఞాపకాలను పోగుచేసి పెట్టింది. పునాది తీసే ముందు ఊరి ముసలమ్మను పిలిచి ఇక్కడ బావి ఉండేదా అని అడుగుతామే, అలాంటి ప్రశ్న ఒకటి 40 ఏళ్ళు ఆలస్యంగానైనా ఆ నేల మీద వినబడింది. నా మటుకు నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికంటే విలువైన ఘట్టం ఇదే. చట్టం ఒక తలుపు తెరిచి పెట్టింది. ఆ తలుపులోంచి లోపలికి వచ్చింది మాత్రం ముత్తాత పేరు మరచిపోని మనుషులు.

1991లో తవ్వకం మొదలైంది. 1994దాకా సాగింది. ఒక ఎకరం నేలలో, హైవే అంచున, కార్లు పక్కనుంచి పోతూ ఉండగా, 1,157 మంది బయటపడ్డారు. మళ్ళీ చదవండి. 1,157 మంది. 1940ల్లో ఎవరూ లెక్కలోకి తీసుకోని నేల అది.

పేర్లు దాదాపుగా లేవు. మరి ఎవరు ఎప్పుడు పోయారో ఎలా తెలిసింది? ఇక్కడ జేమ్స్ డేవిడ్‌సన్ అనే పురావస్తు పరిశోధకుడి పని చెప్పుకోవాలి. శవపేటికలకు బిగించిన పిడులు, మరలు, రేకు బిళ్ళలు మట్టిలో మిగిలాయి. ఆ కాలంలో అవి ఫ్యాక్టరీల్లో తయారై, కేటలాగుల ద్వారా అమ్ముడయ్యేవి. చాలా నమూనాలకు పేటెంటు తేదీ ఉండేది. ఆయన ఆ కేటలాగులు, పేటెంట్లు వెతికి, ఒక్కో సమాధికి కాలం కట్టారు. ఎక్కువమంది 1900 నుంచి 1907 మధ్య, చివరి ఏడేళ్ళలో పూడ్చినవాళ్ళని తేలింది. పేదవాళ్ళే, అయినా అంత్యక్రియల దగ్గర వెనకాడలేదు. బతికినన్నాళ్ళూ దక్కని మర్యాద పోయేనాడైనా దక్కాలని, మెరిసే పిడులున్న పెట్టెలు కొన్నారు. మన పల్లెల్లో అప్పుచేసి అయినా దినకర్మ ఘనంగా చేసేవాళ్ళను చూసినవారికి ఈ పట్టుదల వివరించనక్కర్లేదు.

కొందరి మెడ దగ్గర, కాలి చీలమండ దగ్గర చిల్లుపెట్టిన నాణేలు దొరికాయి. దారానికి గుచ్చి కట్టుకున్న రక్షలవి. కొన్ని పెట్టెల మూత మీద చెప్పు పెట్టి పూడ్చారు. చెడు దగ్గరికి రాకుండా ఉండటానికని డేవిడ్‌సన్ వివరించారు. ఆయన ఇంకో చేదు సంగతి కూడా రాశారు. 1900 తర్వాత డల్లాస్‌లో వైద్య కళాశాలలు వచ్చాక, కోసి చదువుకోవడానికి నల్లజాతివాళ్ళ శవాలను అక్రమంగా వాడుకున్నారు. అంటే ఆ నేలలో పడుకున్నవాళ్ళకు రోడ్డు రాకముందే నిద్రాభంగం ఉంది.

ఒక్కొక్కరినీ తీసి, కొలిచి, రాసుకుని, ఆ పక్కనే మిగిలిన శ్మశాన స్థలంలో తిరిగి పూడ్చారు. తోరణం దాటి లోపలికి నడిచేవాళ్ళకు ఎదురుగా కనిపించే ఆ పచ్చిక వాళ్ళదే. ఆ పని జరుగుతున్న రోజుల్లోనే, 1991లో, న్యూయార్క్‌లో ఒక ప్రభుత్వ భవనానికి పునాది తీస్తుంటే ఆఫ్రికన్ల శ్మశానం బయటపడింది. అక్కడ 419 మందిని వెలికితీశారు. ఆ స్థలం 2006లో జాతీయ స్మారకమైంది. అమెరికా ఆదివాసుల అస్థికలను కాపాడే చట్టం 1990లో వచ్చినా, అది నల్లజాతి శ్మశానాలకు వర్తించదు. వాటికంటూ ఒక కేంద్ర చట్టం రావడానికి 2022 డిసెంబరు దాకా ఆగవలసి వచ్చింది.

ఇవన్నీ చదువుతుంటే మనసు కృష్ణ ఒడ్డుకు పోతుంది. నాగార్జునసాగర్ కట్టేముందు 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయను తవ్వి, దొరికినవాటిని కొండ మీదికి చేర్చారు. శ్రీశైలం జలాశయం కోసం కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురంలో నిలబెట్టారు. ఆ పని చేసినవాళ్ళకు చేతులెత్తి మొక్కాలి. కానీ గుళ్ళనూ స్తూపాలనూ మోసుకొచ్చిన ఆ లోయల్లో, మునిగిన పల్లెల చివర్న ఉన్న శ్మశానాలను అంత శ్రద్ధగా ఎవరైనా లెక్కపెట్టారా? ఇప్పుడు జాతీయ రహదారులు ఆరు వరసలవుతున్నాయి, ప్రతి మండల కూడలినీ వెడల్పు చేస్తున్నారు. వాడకట్టు చివర దళితుల సమాధులు ఎక్కడున్నాయో ఏ పటంలోనూ ఉండదు. ఆ వాడలో అడిగితే చెబుతారు. అడగమని మన చట్టంలో ఒక వాక్యం రాసుకోవడానికి 1,157 మంది బయటపడేదాకా ఆగనక్కర్లేదు.

డల్లాస్ దగ్గరికే వద్దాం. స్మారకం చూడాలంటే డార్ట్ రైలెక్కి సిటీప్లేస్ స్టేషన్‌లో దిగి నడిచి వెళ్ళొచ్చు. టిక్కెట్టు లేదు. ఆ పక్కనే గ్రిగ్స్ పార్కు. ఒకప్పుడు దాని పేరులోనే నీగ్రో పార్కు అని ఉండేది. బానిసగా పుట్టి బోధకుడైన ఆలెన్ గ్రిగ్స్ పేరు తర్వాత పెట్టారు. ఫ్రీడ్‌మన్స్ టౌన్ ఇళ్ళు ఇప్పుడు దాదాపుగా లేవు. హైవేలు కొన్నింటిని తిన్నాయి, అప్‌టౌన్ ధరలు మిగతావాటిని తిన్నాయి. పేట గుర్తుగా మిగిలిన చిరునామాల్లో శ్మశానం ఒకటి.

సెంట్రల్ వెంట ఇంకా పైకి వెళ్తే ప్లేనో. పాత ప్లేనోలో డగ్లస్ అనే నల్లజాతి పేట ఉంది, దాని శ్మశానం ఎల్.ఎ. డేవిస్ సెమెటరీ. మనవాళ్ళు ఇళ్ళు కొనుక్కున్న కొత్త కాలనీల మధ్య కూడా, ఒకప్పటి పత్తిచేల కుటుంబాల చిన్న చిన్న శ్మశానాలు కంచె వేసి కనిపిస్తాయి. టెక్సాస్ చట్టం ప్రకారం శ్మశానానికి బాట లేకపోయినా, చుట్టూ ఉన్న ప్రైవేటు స్థలం గుండా వెళ్ళి చూసే హక్కు ఎవరికైనా ఉంది. ఎవరికీ తెలియని శ్మశానం కనబడితే, కనిపెట్టినవాళ్ళు 10 రోజుల్లోగా కౌంటీ క్లర్కుకు నోటీసు ఇవ్వాలి. ఈ ప్రాంతంలో రోడ్లు ఆగకుండా వెడల్పవుతూనే ఉన్నాయి. పెద్ద పనులకు ముందు రవాణా శాఖ సభ పెట్టి అభిప్రాయాలు అడుగుతుంది. ఆ నోటీసుల్లో చారిత్రక స్థలాల గురించి ఒక పేరా ఉంటుంది. దాన్ని దాటేయకుండా చదవండి. ఆ కూడలి గురించి మీకు తెలిసినదేమైనా ఉంటే, పక్కింటి ముసలాయన చెప్పిందైనా సరే, రాసి పంపండి. అందుకు పౌరసత్వం అడగరు.